పట్టు విడవని వడ్రంగి



మన ఊళ్లలో పాతకాలపు వడ్రంగులు పనిచేసే తీరు మీలో చాలామంది చూసే ఉంటారు. నేలమీద కూర్చుని, చెక్కను ఒక పాదంతో అదిమిపట్టి, రెండు చేతులతో చిత్రిక పట్టేవారు. జర్మన్ దేశంలోని పాత వడ్రంగి శాలల్లో మాత్రం పనివాడు నిలబడి పనిచేసేవాడు. అతని ముందు బరువైన బల్ల ఒకటి ఉండేది. దాని పైపలక సాధారణంగా మందపాటి బీచ్ చెక్క. ముందువైపు ఎడమ పక్కన ఒక బిగింపు మర, కుడి కొసన మరొకటి. పలకలో వరుసగా రంధ్రాలు, వాటిలో దిగే మేకులు. కొసనున్న మరను తిప్పితే చెక్క రెండు మేకుల నడుమ బిగుసుకునేది. ఉలులు దొర్లిపోకుండా వెనుకవైపు ఒక తొట్టి. ఇక్కడ పాదం చేసే పనిని అక్కడ బల్ల చేసేది. ఆ పట్టు సడలితే ఎంత పదునైన ఉలి అయినా చెక్కను పాడుచేస్తుంది.

అలాంటి శాలల్లో పని నేర్చుకుని, కుర్చీ తయారీనే మార్చివేసిన మిఖాయేల్ థోనెట్ జీవితాన్ని ఈ వారం తెలుసుకుందాం.

ఆయన 1796 జూలై 2న, రైన్ నది ఒడ్డున ఉన్న బొప్పార్డ్ పట్టణంలో జన్మించారు. తండ్రి తోళ్లు శుద్ధిచేసే వృత్తివారు. కుమారుడు వడ్రంగం నేర్చుకుని 1819లో సొంత శాల పెట్టుకున్నారు. మరుసటి సంవత్సరం వివాహం చేసుకున్నారు.

వంపు తిరిగిన కుర్చీ కాలు కావాలంటే ఆనాటి వడ్రంగి పెద్ద చెక్కలోనుంచి దాన్ని కోసి తీసేవాడు. చెక్క చాలా వృథా అయ్యేది. పైగా పీచుకు అడ్డంగా కోత పడిన చోట కాలు బలహీనమయ్యేది. కోయకుండా వంచలేమా? థోనెట్ మనసును ఈ ప్రశ్న పట్టుకుంది. 1830 దశకంలో ఆయన పలుచని చెక్క పొరలను బంకలో ఉడికించి, అచ్చులలో బిగించి, వంపులు తెచ్చారు. 1841లో కోబ్లెంజ్ ప్రదర్శనలో ఆ సామానును ఆస్ట్రియా మంత్రి మెటర్నిక్ చూసి, వియన్నాకు రమ్మని ఆహ్వానించారు.

మీరు ఇక్కడితో కష్టాలు తీరాయనుకుంటారేమో. అలా జరగలేదు. ప్రయోగాలకు, విదేశాల్లో హక్కుల కోసం చేసిన అప్పులు మెడకు చుట్టుకున్నాయి. 1842లో ఆయన వియన్నాలో ఉండగానే బొప్పార్డ్‌లోని ఆస్తిని అప్పులవాళ్లు స్వాధీనం చేసుకున్నారు. భార్యాబిడ్డలు వియన్నా చేరారు. సొంత శాల నడిపిన మనిషి 46 ఏళ్ల వయసులో, కుమారులను వెంటబెట్టుకుని, ఇతరుల శాలలో పనికి కుదిరారు. లీచ్టెన్‌స్టెయిన్ ప్రభువుల భవనంలో నేలకు చెక్క పరిచే పనిలో కొన్నేళ్లు శ్రమించారు. 1849లో గాని మళ్లీ సొంత శాల తెరవలేకపోయారు. 1851లో లండన్ మహా ప్రదర్శనలో ఆయన సామానుకు కంచు పతకం దక్కింది. 1853లో వ్యాపారాన్ని ఐదుగురు కుమారుల పేర రాశారు.

ఇంకొక చిక్కు మిగిలింది. ఉక్క, తేమ ఉన్న దేశాలకు పంపితే పొరల మధ్య బంక ఊడిపోయేది. బంక లేకుండా ఒకే కర్రను వంచాలి. కర్రను వంచితే లోపలి వైపు నలుగుతుంది, బయటి వైపు సాగుతుంది. ఆవిరి పట్టిన కర్ర నలుగుడును బాగా ఓర్చుకుంటుంది. సాగదీస్తే మాత్రం చిట్లుతుంది. థోనెట్ బయటి వైపున ఒక ఉక్కు పట్టీని పెట్టి, రెండు కొసలా గట్టిగా బిగించారు. పట్టీ సాగదు కనుక దానికి అంటుకున్న కర్ర కూడా సాగలేదు, చిట్లలేదు. ఇనుప అచ్చులో అలాగే ఉంచి ఆరబెడితే వంపు నిలిచిపోయింది. గమనించారా? పాత బల్ల నేర్పిన పాఠమే ఇది. చెక్క కదలకుండా బల్ల పట్టుకునేది. చెక్క రూపం మారుతున్నంతసేపూ ఈ పట్టీ పట్టుకుంది.

1857లో మొరావియాలోని కొరిచానీలో, బీచ్ అడవుల దగ్గర, కర్మాగారం పెట్టారు. 1859లో 14వ నంబరు కుర్చీ వచ్చింది. ఆరు కర్ర ముక్కలు, పది మరమేకులు, రెండు నట్లు. కూర్చునే చోట పేము అల్లిక. విడదీసి సర్దితే ఒక ఘనమీటరు పెట్టెలో 36 కుర్చీలు పట్టేవి. 1930 నాటికి ఇవి సుమారు 5 కోట్లు అమ్ముడయ్యాయని చెబుతారు. సామాన్యుడు కూడా చక్కని కుర్చీలో కూర్చోగలిగాడు.

నష్టం ఏమీ లేదని అనను. బల్ల దగ్గర ఒక వడ్రంగి కుర్చీని మొదటినుంచి చివరిదాకా తన చేతులతో చేసేవాడు. కర్మాగారంలో ఒకరు వంచుతారు, ఒకరు మెరుగు పెడతారు, ఒకరు అల్లుతారు. మొత్తం కుర్చీ నా చేతిపని అని చెప్పుకునే సంతోషం వారికి లేదు. చవకగా దొరికే ప్రతి వస్తువు వెనుకా ఇలాంటి లెక్క ఒకటి ఉంటుంది. దాన్ని మరచిపోకూడదు.

థోనెట్ 1871 మార్చి 3న వియన్నాలో మరణించారు. చేతిలో పని ఉండి, నెత్తిన అప్పు ఉండి, వయసు మీరిపోయిందని దిగులుపడే తండ్రులు మన విచారణల్లోనూ ఉన్నారు. మీ ఇంట్లో అలాంటివారుంటే, 46 ఏట కొడుకులతో కలిసి కూలికి కుదిరిన ఈ వడ్రంగి కథ ఈ ఆదివారం వారికి చదివి వినిపించండి.