తేనీటి బల్ల దగ్గర పుట్టే చదువు
(డాక్టర్ రజీయుద్దీన్ సిద్దీఖీ గారి జీవితం)

ప్రతి ఏడూ ఈ సంచికలో మన పెద్దల్లో ఒకరిని తలచుకోవడం మంచి పద్ధతి. ఈసారి మేము ఎంచుకున్నది ఒక లెక్కల మాస్టారిని. నాదర్‌గుల్ నుంచి ఎల్.బి. నగర్ మీదుగా ఉస్మానియాకు చదువుకు వెళ్ళే మన పిల్లల్లో ఆయన పేరు విన్నవాళ్ళు ఎంతమంది? వినకపోవడం వాళ్ళ తప్పు కాదు. మనం చెప్పలేదు, అంతే.

రజీయుద్దీన్ సిద్దీఖీ గారు 1908లో హైదరాబాదులో జన్మించారు. ఆయనకు పదేళ్ళ వయసులో, 1918లో, ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఇంగ్లీషు దొరతనం నడిచే రోజుల్లో, దేశభాషలో పైచదువు చెప్పడం అప్పటికి పెద్ద సాహసం. లెక్కలు, భౌతికశాస్త్రం, వైద్యం అన్నీ ఉర్దూలోనే. దానికోసం అనువాద శాఖ ఒకటి పెట్టి పుస్తకాలు తర్జుమా చేయించారు, లేని మాటలను కొత్తగా కల్పించారు. ఈ చదువుతో బయటికి పోతే ఎవరు లెక్కచేస్తారండీ అని సందేహించినవాళ్ళు లేకపోలేదు. దానికి జవాబు సిద్దీఖీ గారి జీవితమే. 1925లో ఉస్మానియాలో బి.ఎ. ముగించి ఆయన నేరుగా కేంబ్రిడ్జి వెళ్ళారు. అక్కడా నెగ్గారు. తరువాత జర్మనీ వెళ్ళి లైప్‌జిగ్‌లో డాక్టరేట్ పుచ్చుకున్నారు.

ఆయన పరిశోధన ఒక కష్టమైన తరహా సమీకరణాల మీద. మామూలు లెక్కలో కారణం రెట్టింపైతే ఫలితమూ రెట్టింపవుతుంది. ప్రకృతి ఎప్పుడూ అలా నడవదు. పొయ్యిలో కట్టెలు రెండింతలు పెడితే కూర రెండింతలు తొందరగా ఉడుకుతుందా? ఉడకదు, మాడుతుంది! అలాంటి వంకర లెక్కలను పట్టుకోవడమే ఆయన పని.

ఇక్కడ లైప్‌జిగ్ గురించి నాలుగు మాటలు చెప్పాలి. 1927లో అక్కడ భౌతికశాస్త్ర ప్రొఫెసరుగా చేరిన హైసెన్‌బర్గ్ వయసు అప్పటికి 25 ఏళ్ళే. వారానికోసారి ఆయన సెమినార్ జరిగేది. ముందు అందరూ కలిసి టీ తాగేవారు. తరువాత నల్లబల్ల దగ్గర గట్టి వాదన. అది అయ్యాక పింగ్‌పాంగ్ ఆట! గురువనీ శిష్యుడనీ తేడా లేకుండా తప్పును తప్పనేవారు. బ్లాక్, పయర్ల్స్, టెల్లర్ వంటి కుర్రవాళ్ళు ఆ గుంపులో తేలినవాళ్ళే. ఉర్దూలో చదివిన మన హైదరాబాదీ యువకుడు డాక్టరేట్ పొందింది ఆ కాలపు లైప్‌జిగ్‌లోనే.

1931లో సిద్దీఖీ గారు తిరిగివచ్చి ఉస్మానియాలో గణితం చెప్పసాగారు. ఐరోపాలో అప్పుడప్పుడే తయారవుతున్న క్వాంటమ్ మెకానిక్స్ మీద ఉపన్యాసాలిచ్చి పుస్తకంగా వెలువరించారు. ఐన్‌స్టీన్ సాపేక్షతా సిద్ధాంతాన్ని 1940లో ఉర్దూ పాఠకుల చేతిలో పెట్టారు. ఇక్బాల్ కవిత్వం మీద కూడా ఆయనకు మంచి పట్టు. 1940లలో వైస్ ఛాన్సలర్ బాధ్యతలు కూడా మోశారు.

అప్పటి ఉస్మానియాలో ఆకాశశాస్త్రానికీ కొదవ లేదు. నవాబ్ జఫర్ జంగ్ సొంత డబ్బుతో 1901లో మొదలుపెట్టిన నిజామియా అబ్జర్వేటరీ 1919లో విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. అక్కడ నక్షత్రాలను ఒక్కొక్కటిగా కొలిచి పట్టికలు వేశారు. డైరెక్టర్ అక్బర్ అలీ గారు తలపెట్టిన 48 అంగుళాల టెలిస్కోపు, ఆయన తరువాత 1968లో, మన సాగర్ రోడ్డు వైపే, ఇబ్రహీంపట్నం దాటాక రంగాపూర్‌లో నిలబడింది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కడినుంచి పరిశీలించారు.

1948 తరువాత కాలం మారింది. ఉస్మానియాలో ఉర్దూ బోధన పోయి ఇంగ్లీషు వచ్చింది. 1950లో సిద్దీఖీ గారు పాకిస్తాన్ వెళ్ళిపోయారు. పెషావర్, సింధ్ విశ్వవిద్యాలయాలను నడిపి, 1960లలో ఇస్లామాబాద్ విశ్వవిద్యాలయానికి మొదటి వైస్ ఛాన్సలర్ అయ్యారు. అక్కడ భౌతికశాస్త్ర శాఖను నిలబెట్టారు. 1998లో కన్నుమూశారు.

ఆయన వెళ్ళడం తప్పా ఒప్పా అని తీర్పు చెప్పడానికి మేము కూర్చోలేదు. ఎవరి కష్టం వారిది. ఒక్క మాట మాత్రం దాచుకోలేము. ఒక మనిషి ఊరు విడిచిపెడితే ఒక కుర్చీ ఖాళీ అవుతుంది, దాన్ని ఇంకొకరు నింపుతారు. ఆ మనిషి చుట్టూ కూర్చుని ప్రశ్నలడిగే గుంపు చెదిరిపోతే మాత్రం తిరిగి కూడటానికి తరం పడుతుంది. ఆ నష్టం ఏ లెక్కలపుస్తకంలోనూ కనిపించదు.

మన సంఘం స్కాలర్‌షిప్పులు, నోటుపుస్తకాలు ఇవ్వడం మంచిదే, మానకూడదు. దానితోపాటు నెలకొక ఆదివారం సాయంత్రం ఒక కెటిల్ చాయ్, ఒక నల్లబల్ల పెట్టి, కాలేజీ పిల్లలను, వాళ్ళ వెనక బడిపిల్లలను కూర్చోబెడితే ఎంత ఖర్చవుతుంది? తెలుగులో అడిగినా, ఉర్దూలో అడిగినా, ఇంగ్లీషులో అడిగినా సరే, నవ్వకుండా జవాబు చెప్పే పెద్దవాడు ఒకడుంటే చాలు. ఆడపిల్లలకూ అక్కడ సమానంగా చోటుండాలి.

సిద్దీఖీ గారిని స్మరించుకోవడానికి ఇంతకన్నా మంచి పద్ధతి మాకు తోచలేదు. సభ్యులు ఆలోచించగలరు.