అక్షరాలకు లెక్కకట్టిన ఇమామ్ ఖలీల్ (రహ్మలై)

ఖుర్ఆన్ చదవడం నేర్చుకునే పిల్లలకు మనం మొదట జబర్, జేర్, పేష్ గుర్తులు నేర్పిస్తాం. ఆ గుర్తులకు నేటి రూపం ఇచ్చిన మహనీయుడు ఇమామ్ ఖలీల్ బిన్ అహ్మద్ ఫరాహీదీ. అంతకుముందు అబుల్ అస్వద్ పద్ధతిలో రంగు చుక్కలు పెట్టేవారు. అక్షరాల చుక్కలతో అవి కలగలిసిపోయే ప్రమాదం ఉండేది. ఇమామ్ ఖలీల్ చుక్కలకు బదులు అలిఫ్, వావ్, యా అక్షరాల చిన్న రూపాలను గుర్తులుగా తీసుకున్నారు. తష్దీద్, హమ్జా గుర్తులు కూడా ఆయన చలవే.

ఆయన సుమారు క్రీ.శ. 718లో (హిజ్రీ 100) ఒమాన్ ప్రాంతంలో, అజ్ద్ తెగలో జన్మించారు. చిన్నతనంలోనే బస్రా చేరుకుని, అబూ అమ్ర్ బిన్ అలా వంటి పండితుల వద్ద విద్య నేర్చారు. ఒక రెల్లు పాకలో నిరాడంబరంగా జీవించారు. పాలకుడు సులైమాన్ బిన్ హబీబ్ తన వద్దకు రమ్మని కబురు పంపితే, ఇంట్లో ఉన్న ఎండురొట్టెను దూతకు చూపి, ఇది ఉన్నంతవరకు తనకు ఏ లోటూ లేదని చెప్పి పంపేశారని చరిత్రకారులు రాశారు.

ఆ కాలంలో అరబ్బీ భాష ఎడారి దాటి ఎన్నో జాతులలోకి వ్యాపిస్తోంది. తెగల నోట ఉన్న మాటలు మరుగున పడిపోతే ఖుర్ఆన్ పదాల భావమే మసకబారుతుందని పండితులు ఆందోళన చెందేవారు. కొందరు గుర్రం, ఒంటె, చెట్టు చేమ అంటూ విషయాలవారీగా పదాలు సేకరించారు. అయితే ఎంత సేకరించినా, ఏ మాట జారిపోయిందో తెలిసేదెలా?

ఇమామ్ ఖలీల్ దానికి లెక్కతో జవాబు కనిపెట్టారు. రెండు అక్షరాలను రెండు విధాలుగా అమర్చవచ్చు. మూడింటిని ఆరు విధాలుగా, నాలుగింటిని 24 విధాలుగా, అయిదింటిని 120 విధాలుగా అమర్చవచ్చు. ఐన్, లామ్, మీమ్ అనే మూడు అక్షరాలను చూడండి. ఒక వరుసలో ఇల్మ్ (జ్ఞానం), మరో వరుసలో అమల్ (ఆచరణ), ఇంకో వరుసలో లమ్అ్ (మెరుపు) అవుతాయి. ఆరు వరుసలనూ ఒకేచోట పెట్టి, అరబ్బులు దేనిని వాడతారో, దేనిని వాడరో పరిశీలిస్తే ఒక్క మాట కూడా జారిపోదు.

28 అక్షరాలలో ఏదీ రెండుసార్లు రాకుండా అమర్చితే రెండక్షరాల రూపాలు 756, మూడక్షరాలవి 19,656, నాలుగక్షరాలవి 4,91,400, అయిదక్షరాలవి 1,17,93,600. మొత్తం 1,23,05,412. ఈ లెక్కను హమ్జా ఇస్ఫహానీ అనే పండితుడు ఇమామ్ ఖలీల్ పేరనే నమోదు చేశారు.

మరి ఇన్ని మాటలు ఉంటాయా? ఉండవు. అక్షరాలు ఇష్టం వచ్చినట్టు కలవవని ఆయన గమనించారు. ఐన్, బడీ హా రెండూ గొంతులో దగ్గర దగ్గరగా పుడతాయి కనుక ఒకే మాటలో ఇమడవు. నాలుగు, అయిదు అక్షరాల మాటలో రా, లామ్, నూన్, ఫా, బా, మీమ్‌లలో ఒక్కటైనా ఉండాలి. కొద్ది మినహాయింపులు తప్ప, అలా లేని మాట అరబ్బీది కాదని గుర్తించవచ్చు. కల్పించిన మాటలను పట్టుకోవడానికి ఇది గీటురాయి అయింది.

ఈ పద్ధతిపైనే 'కితాబుల్ ఐన్' నిఘంటువు రూపొందింది. గొంతు లోతులో పుట్టే ఐన్‌తో అది మొదలవుతుంది. దానిని పూర్తిచేసింది ఆయన శిష్యుడు లైస్ అని ఎక్కువమంది అభిప్రాయం.

కవితా ఛందస్సుకూ ఆయన ఇలాంటి దారే చూపారు. గురులఘువుల వరుసను వలయంగా అమర్చారు. అక్కడ వరుస మారదు, మొదలుపెట్టే చోటు మాత్రమే జరుగుతుంది. ఒకే వలయంలో తవీల్, మదీద్, బసీత్ అనే మూడు బహర్‌లు దొరుకుతాయి. అయిదు వలయాల నుంచి 15 బహర్‌లు వచ్చాయి. పదహారవది అఖ్‌ఫష్ చేర్చారని ప్రతీతి. ఉర్దూ గజల్ నేటికీ ఈ అరూజ్ శాస్త్రాన్నే అనుసరిస్తోంది.

వ్యాకరణంలో అగ్రగణ్యుడైన సీబవైహ్ ఆయన శిష్యుడే. శిష్యుని గ్రంథంలో అడుగడుగునా గురువు అభిప్రాయాలే కనిపిస్తాయి.

ఇమామ్ ఖలీల్ సుమారు క్రీ.శ. 791లో (హిజ్రీ 175) బస్రాలో పరమపదించారు. అంతకు అయిదేళ్ళ ముందేనని మరికొందరి మాట. అంగడివాడు దాసీపిల్లను మోసగించలేనంత సులువైన లెక్కల పద్ధతి గురించి ఆలోచిస్తూ మస్జిద్‌లోకి వెళ్ళి, పరధ్యానంలో స్తంభానికి కొట్టుకుని, ఆ దెబ్బతోనే మరణించారని చెబుతారు. కోటికి పైగా రూపాలను లెక్కగట్టిన ఆ మేధావి చివరి ఆలోచన, ఒక పేదపిల్ల చేతిలోని నాలుగు నాణేలు పోకూడదన్నదే.