రాయవేలూరు జైలు నుంచి ఊరూరి గ్రంథాలయం దాకా: గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారి జీవితం



ఈ వార్షికోత్సవ సంచికలో మేము ఒక పెద్దాయన జీవితం చెప్పదలచుకున్నాం. ఆయన మగ్గం మీద కూర్చున్నవారు కాదు. మన కులంలో, మన ఊళ్ళలో పుట్టినవారూ కాదు. అయినా మన రాయవేలూరుతో ఆయనకు ఒక బంధం ఉంది. అది జైలు బంధం. ఏడాది చివర మన పిల్లలకు గుర్తు చేయాల్సిన పేరు ఏదని ఆలోచిస్తే, మాకు ఆయన పేరే తోచింది.

గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు 1883 సెప్టెంబర్ 14న కర్నూలులో పుట్టారు. కలిగిన కుటుంబం కాదు. చదువునే నమ్ముకుని మద్రాసు దాకా వచ్చి 1906లో ఎం.ఏ. పూర్తి చేశారు. ఆ రోజుల్లో ఎం.ఏ. అంటే సర్కారు ఉద్యోగం చేతికి వచ్చినట్టే. ఉపాధ్యాయ శిక్షణ కోసం రాజమండ్రి కాలేజీలో చేరారు. 1907లో బిపిన్ చంద్రపాల్ వచ్చి ఆంధ్రదేశంలో ఉపన్యాసాలు ఇచ్చారు. విద్యార్థులు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకుని క్లాసులకు పోయారు. దొరలకు కోపం వచ్చింది. ముందు నిలబడిన గాడిచర్ల వారిని కాలేజీ నుంచి పంపేశారు. సర్కారు ఉద్యోగం మాట అక్కడితో సరి.

ఆ రోజుల్లోనే ఆయన విజ్ఞాన చంద్రికా మండలి వారికి అబ్రహాం లింకన్ జీవితచరిత్ర రాసి ఇచ్చారు. బీద ఇంట పుట్టి, ఇరుగుపొరుగును అడిగి తెచ్చుకున్న పుస్తకాలతో చదువుకుని, అమెరికాకు అధ్యక్షుడైన మనిషి కథ అది. తర్వాత గాడిచర్ల వారు చేసిన పని చూస్తే, ఆ కథ ఆయన మనసులో నుంచి ఎప్పుడూ పోలేదని అనిపిస్తుంది మాకు.

1908లో ఆయన విజయవాడలో స్వరాజ్య అనే పత్రిక నడుపుతున్నారు. ఆ మార్చిలో వ.ఉ. చిదంబరం పిళ్ళై గారిని అరెస్టు చేసినందుకు తిరునెల్వేలిలో జనం లేచారు. పోలీసులు కాల్చారు, ప్రాణాలు పోయాయి. కృష్ణ ఒడ్డున ఉన్న తెలుగు సంపాదకుడికి తమిళ సోదరుల రక్తం పరాయిది అనిపించలేదు. ఘాటుగా సంపాదకీయం రాశారు. ప్రభుత్వం రాజద్రోహం అంది. మూడేళ్ళ కఠిన శిక్ష వేసి రాయవేలూరు జైలుకు పంపింది. అప్పటికి ఆయనకు పాతికేళ్ళు. ఆంధ్రులలో తొలి రాజకీయ ఖైదీ అని ఆయనకు పేరు.

తొరపాడి వైపు బస్సులో పోతూ ఆ జైలు గోడను మనం ఎన్నోసార్లు చూసి ఉంటాం. ఒక వ్యాసం రాసినందుకు ఒక తెలుగు బిడ్డ ఆ ఊరి జైల్లో ఉన్నాడని మనలో ఎంతమందికి తెలుసు? మాకే ఈ మధ్యదాకా తెలియదు.

శిక్ష ముగిసి బయటికి వచ్చిన మనిషి పగతో బతకవచ్చు, లేదా భయపడి మూల కూర్చోవచ్చు. ఆయన రెండూ చేయలేదు. రాసినవాడిని జైల్లో పెట్టగలరు గానీ, ఊరంతా చదవడం నేర్చుకుంటే ఎవరిని ఆపగలరు? ఆయన మిగిలిన జీవితం ఈ ప్రశ్నకు జవాబులాగే నడిచింది.

1914లో అయ్యంకి వెంకటరమణయ్య గారి పూనికతో విజయవాడలో గ్రంథాలయ సంఘం పుట్టింది. గాడిచర్ల వారు ఆ ఉద్యమంలో కలిశారు, చాలా ఏళ్ళు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘానికి అధ్యక్షులుగా ఉన్నారు. గుడిలో, చావడిలో, ఎవరిదో ఇంటి అరుగు మీద, చోటు దొరికిన దగ్గరల్లా పుస్తకాలు పెట్టిన కాలం అది. 1935లో పాతూరి నాగభూషణం గారు కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టి ఊళ్ళకు తిప్పారు.

అయితే చదువు రానివాడికి గ్రంథాలయం ఎందుకు? గాడిచర్ల వారు ఈ మాట పట్టించుకున్నారు. అందుకే వయోజన విద్యను కూడా భుజాన వేసుకున్నారు. అక్షరం రాని పెద్దలను వదిలేసి ముందుకు పోకూడదని ఆయన పట్టు. మన ఇళ్ళలో పాత తరం వాళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు. మగ్గం మీద చేతులకూ కాళ్ళకూ పని, చెవులు మాత్రం ఖాళీ. ఒకరు పేపరు చదివితే నలుగురు నేస్తూ వినేవాళ్ళు.

ఊరివాళ్ళ చందాలతో నడిచే గ్రంథాలయం చందా ఆగితే మూతపడుతుంది. అందుకే చట్టం కావాలని ఉద్యమం పెద్దలు ఏళ్ళ తరబడి అడిగారు. చివరికి 1948లో మద్రాసు పబ్లిక్ లైబ్రరీల చట్టం వచ్చింది. దానికి రూపం ఇచ్చింది శీర్కాళిలో పుట్టిన ఎస్.ఆర్. రంగనాథన్ గారు. అప్పటి విద్యామంత్రి అవినాశిలింగం చెట్టియార్ గారు. స్వతంత్ర భారతంలో ఇలాంటి చట్టం ఇదే మొదటిది. 1953లో ఆంధ్ర రాష్ట్రం వేరుపడింది, మనం ఇటే ఉండిపోయాం. కానీ ఆ చట్టం ఇటూ అటూ మిగిలింది. ఈనాటికీ మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి 10 పైసలు లెక్కన గ్రంథాలయ పన్ను కలిసి ఉంటుంది. రసీదు తీసి చూడండి. కనుక మన వీధి చివరి గ్రంథాలయం ఎవరో పెట్టిన ధర్మం కాదు. అందులో మన నూలు డబ్బులు ఉన్నాయి.

నూలు అన్నాం కాబట్టి ఇంకో మాట. తమిళంలో నూల్ అంటే దారం, నూల్ అంటే పుస్తకం. గ్రంథాలయం నూలగం. రెండు భాషల మధ్య బతికే మనకు ఇంతకంటే దగ్గర మాట ఏముంది?

ఇప్పుడు ఏడాది చివరికి వద్దాం. వానలు పడితే వీధిలో పడుగు సాగదీసి గంజి పెట్టడానికి ఎండ ఉండదు, గుంట మగ్గంలో నీళ్ళు ఊరుతాయి. వేలూరైనా గుడియాత్తమైనా పని తగ్గుతుంది, అడ్వాన్సు లెక్కలు మాత్రం తగ్గవు. పిల్లల అరపరీక్షలు అయిపోయి సెలవులు వస్తాయి. ఈ ఏడాదితో చదువు చాలించి పనికి పంపుదామా అన్న మాట కొన్ని ఇళ్ళలో లేచేది సరిగ్గా ఈ రోజుల్లోనే. మేము ఎవరినీ తప్పు పట్టడం లేదు, ఆ కష్టం మాకూ తెలుసు. కానీ ఆ మాట తేల్చే ముందు పిల్లవాడిని ఒక్కసారి గ్రంథాలయానికి తీసుకుపోండి. ఒకే గది ఇంట్లో మగ్గం చప్పుడు మధ్య చదవలేని పిల్లకు అక్కడ ఒక బెంచీ ఉంటుంది. సర్కారు ఉద్యోగాల పరీక్షల పుస్తకాలు కొనలేని యువకుడు అక్కడ కూర్చుని నోట్సు రాసుకోవచ్చు. కొత్త సంవత్సరం మీద ఆశ పెట్టుకోవడానికి కాసు ఖర్చు కాని చోటు అది.

ఇంకొకటి. మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, కానీ చాలామందికి తెలుగు అక్షరాలు రావు. బడిలో తమిళం చక్కగా నేర్చుకోవాల్సిందే, అది మన ఊరి భాష. దాంతోపాటు గ్రంథాలయంలో తెలుగు పుస్తకాలు కూడా పెట్టమని అడుగుదాం. అడిగేవాళ్ళు లేకపోతే ఆ బీరువా ఖాళీగానే ఉంటుంది. పుస్తకం వచ్చాక తాతో అవ్వో పక్కన కూర్చుని చదివి వినిపిస్తే, గాడిచర్ల వారు కోరుకున్న పని మన ఇంట్లోనే జరిగినట్టు.

ఆయన 1960 ఫిబ్రవరి 29న కన్నుమూశారు. నాలుగేళ్ళకు ఒకసారి వచ్చే తేదీ అది. ఆయనను తలుచుకోవడానికి మనం అంతదాకా కాచుకోనక్కర్లేదు. ఈ సెలవుల్లో ఇంటికొక పిల్లకు గ్రంథాలయం కార్డు చేయించండి. అదే ఆయనకు మనం పెట్టే దండ.