కప్ప కాలు చెప్పిన సత్యం

విజ్ఞాన చరిత్రలో కొన్ని గొప్ప సత్యాలు అల్పప్రాణుల మూలంగా బయటపడినవి. అట్టి ఒక సత్యానికి జీవితాన్ని ధారపోసినవాడు లూయిజీ గాల్వానీ.

ఆయన 1737లో ఇటలీలోని బొలోన్యా నగరంలో జన్మించినాడు. వైద్యం అభ్యసించి, ఆ ఊరి విశ్వవిద్యాలయంలోనే శరీరనిర్మాణశాస్త్రం బోధించినాడు. ఆచార్య గలేయాజీ కుమార్తె లూచియాను వివాహమాడినాడు. పరిశోధనలలోను ఆమె ఆయనకు తోడై నిలిచినది.

1781 ప్రాంతంలో ఒకనాడు ప్రయోగశాల బల్లమీద కోసి సిద్ధపరచిన కప్ప కాళ్లున్నవి. కొంత దూరంలో విద్యుద్యంత్రం ఉన్నది. రెంటినీ కలుపు తీగ ఏదియు లేదు. సహాయకుడొకడు కత్తిమొనతో కప్ప నరాన్ని తాకిన క్షణాననే యంత్రంనుండి నిప్పురవ్వ ఎగసినది. చచ్చిన కప్ప కాళ్లు ప్రాణమున్నట్లు ఎగిరిపడినవి!

గాల్వానీ దానిని వింతగా ఎంచి విడిచిపెట్టలేదు. కత్తికున్న ఎముక పిడిని పట్టుకొన్నపుడు కాలు కదలలేదు. వేలు లోహానికి తగిలినపుడు కదలినది. ఇట్లు ఒక్కొక్క కారణాన్నే విడదీసి పరీక్షించుచు పదేండ్లు శ్రమించి, ప్రాణుల దేహంలోనే విద్యుత్తు ఉన్నదని 1791లో ప్రకటించినాడు.

పావియా ఆచార్యుడు వోల్టా దీనిని ఖండించినాడు. రెండు వేర్వేరు లోహాల స్పర్శయే విద్యుత్తుకు మూలమని అతని వాదం. లోహమే లేకుండ నరాన్ని కండరానికి తాకించినను కాలు కదలునని 1794లో వెలువడిన గ్రంథం సమాధానమిచ్చినది. వోల్టా తన వాదాన్ని సాధింపబూని, 1800లో బ్యాటరీని లోకానికి ప్రకటించినాడు. ఇరువురి మాటలోను సత్యం ఉన్నది.

ఆ బ్యాటరీని చూచుటకు గాల్వానీ బ్రతికి లేడు. అంతకు ముందే భార్య గతించినది. తరువాత ఫ్రెంచివారి అండతో వెలసిన నూతన ప్రభుత్వం అధ్యాపకులను విధేయతా ప్రమాణం చేయుమన్నది. అంతరాత్మ అంగీకరింపక ఆయన నిరాకరించినాడు, ఉద్యోగం పోయినది. 1798 డిసెంబరు 4న కన్నుమూసినాడు.

నేడు మణికొండలోని విద్యార్థి చేతి ఫోను వోల్టా మార్గానికి వారసురాలు. గాల్వానీ మార్గం మెదడు పరిశోధనకు దారితీసినది. నాచుజాతి మొక్కనుండి తీసిన జన్యువును నాడీకణాలలో చేర్చి, కాంతితో వాటిని మేల్కొల్పవచ్చునని 2005లో తేలినది. 2013లో అమెరికా శాస్త్రజ్ఞులు చిట్టెలుకల మెదడులో అతిసూక్ష్మ దీపాలు అమర్చి, తీగ లేకుండ రేడియో తరంగాల శక్తితో వెలిగించినారు. తీగ బంధం లేనందున ఆ ప్రాణి స్వేచ్ఛగా తిరుగుచుండగనే పరిశీలన సాధ్యమైనది.

పాఠశాలలో గాల్వనోమీటరు ముల్లు కదలినపుడు, ఆ పేరుగల మనిషి పదవికంటె మనస్సాక్షిని మిన్నగా ఎంచినాడని కూడ ఉపాధ్యాయులు పిల్లలకు చెప్పుట ఉచితం.