ముప్పై దాటాక బడికి వెళ్లిన పునీతుడు

విజయవాడలోని ఆంధ్ర లొయోలా కళాశాల మీకు తెలిసిందే. ఆ పేరుగల పునీత లొయోలా ఇగ్నేషియస్ గారు చదువుకోసం పడిన పాట్లు తెలుసా?

1491లో స్పెయిన్ దేశంలో పుట్టిన ఆయన మొదట కత్తి పట్టిన వీరుడు. 1521లో పంప్లోనా కోట వద్ద ఫిరంగి గుండు తగిలి కాలు విరిగింది. మంచంపై క్రీస్తు చరిత్ర, పునీతుల చరిత్రలు చదివి మారుమనస్సు పొందారు. ఆత్మలకు మేలు చేయాలంటే చదువు కావాలని గ్రహించి, 1524లో బార్సెలోనా నగరంలో లాటిన్ వ్యాకరణం మొదలుపెట్టారు.

పాఠం వల్లెవేయబోతే చాలు, భక్తి తలంపులు ముంచుకొచ్చేవి. వింతేమిటంటే, ప్రార్థనలోగాని, దివ్యబలిపూజలోగాని అంత మధురమైన తలంపులు వచ్చేవి కావు! ఇది శోధనేనని ఆయన గుర్తించారు. ఉపాధ్యాయుణ్ణి దేవాలయానికి పిలిచి ఉన్నదున్నట్లు చెప్పారు. రొట్టె, నీళ్లు దొరికినంతకాలం, రెండేళ్లపాటు ఒక్క పాఠమూ మాననని మాట ఇచ్చారు. ఆ బెడద అంతటితో తీరింది.

1528లో పారిస్ చేరాక, పునాది చాలలేదని తెలిసి, చిన్నపిల్లల మధ్య కూర్చుని లాటిన్ మళ్లీ చదివారు. 1535లో ఎం.ఏ. పట్టా పొందారు. ఆయన స్థాపించిన యేసుసభను 1540లో పోపుగారు ఆమోదించారు. ఆ సభ ఎన్నో దేశాల్లో విద్యాలయాలు నడిపింది.

బిడ్డలారా! బద్ధకం ఎప్పుడూ నిద్ర రూపంలోనే రాదు. పుస్తకం తెరవగానే గుర్తొచ్చే మంచి పనిగానూ వస్తుంది. ఎవరి మేలుకోసం చదువుతున్నారో తలచుకోండి. మీ ఇబ్బంది పెద్దలకు చెప్పి, మాట ఇచ్చి, నిలబెట్టుకోండి. తల్లిదండ్రులారా! కోప్పడేముందు ఆ మాట వినండి.