పట్టభద్రుడు కాని డాక్టరు

కళాశాలలో నేర్చిన పాఠములు మరపునకు వచ్చును గాని, హాస్టలులో పాడుకొనిన వేళాకోళపు పాటలు సగము సగముగానైనను నాలుకపై నిలిచియుండును. వేదాంత కళాశాలలో చదివిన మేమును అట్టివారమే. అటువంటి పాటలను పండితుల సభలో నిలువబెట్టిన యొక సంగీత విద్వాంసుని జీవితమును సంఘస్థుల యెదుట ఉంచుచున్నాము.

యోహానెస్ బ్రామ్స్ 1833 మే 7న జర్మనీలోని హాంబర్గ్ పట్టణమందు జన్మించెను. తండ్రి వాద్యబృందములలో వాయించి కుటుంబమును పోషించిన సామాన్యుడు. కుమారునికి సంగీతము నేర్పించెను గాని విశ్వవిద్యాలయ చదువు ఆ యింటికి అందనిదాయెను. 1853 వేసవిలో, తన ఇరువదవ యేట, బ్రామ్స్ గొట్టింగెన్ పట్టణములో వయొలిన్ విద్వాంసుడైన యోసెఫ్ యోవాఖీమ్ యొద్ద కొన్ని వారములు గడిపెను. ఆ స్నేహితుడు అప్పుడు అక్కడి విశ్వవిద్యాలయములో ఉపన్యాసములు వినుచుండెను. అతనితోకూడ బ్రామ్స్ విద్యార్థుల కూటములలో కలిసి వారి పాటలు విని ఆనందించెను. ఆయన రుచిచూచిన విద్యార్థి జీవితము అంతమాత్రమే.

తల్లి 1865లో మరణించెను. దుఃఖించువారి ఆదరణకై బ్రామ్స్ తానే బైబిలు వచనములు ఏర్చి కూర్చిన జర్మన్ రెక్వియం 1868 గుడ్ ఫ్రైడేనాడు బ్రెమెన్ కథీడ్రల్‌లో వినబడెను. ఆయన పేరు దేశమంతట వ్యాపించెను.

1879లో బ్రెస్లౌ విశ్వవిద్యాలయము ఆయనకు గౌరవ డాక్టరు పట్టమిచ్చెను. ఆయన పోస్టుకార్డుతో కృతజ్ఞత తెలిపి ఊరకుండెను. అది చాలదు, ఒక సంగీత రచన సమర్పింపవలెనని అక్కడి సంగీత దర్శకుడు బెర్నార్డ్ షోల్ట్స్ గుర్తుచేసెను. 1881 జనవరి 4న బ్రెస్లౌలో బ్రామ్స్ స్వయముగా నడిపించిన ఆ రచనలో ఉన్నవి నాలుగు విద్యార్థి పాటలు! వాటిలో ఒకటి, 1819లో రద్దయిన విద్యార్థి సంఘమును తలచుకొని పాడినది. మరియొకటి, కొత్త విద్యార్థులను నక్కలని పిలిచి ఆటపట్టించునది. చివరిది, యౌవనమును మరణమును ఒక్కచోట తలచు లాటిన్ పాట. దానిని వాద్యబృందమంతయు గొంతెత్తి వినిపించెను. నెరసిన తలల పండితులకు ఆయన తిరిగి యిచ్చినది వారి యౌవనమే.

బ్రామ్స్ 1897 ఏప్రిల్ 3న వియన్నాలో కన్నుమూసెను. బ్రెస్లౌ నేడు పోలెండ్ దేశములో వ్రోత్స్‌వాఫ్ అను పేర నున్నది. నాటి పండితులు లేరు, పాటలు మాత్రము నిలిచినవి.

చదువరులారా, మీకు సగమే జ్ఞాపకమున్న పాటకు మిగిలిన సగము ఏ సహపాఠి యొద్దనో ఉండును. అతడు సజీవుడై యుండగానే అడిగి వ్రాసికొనుడి.