డాక్టర్ జాన్ స్కడ్డరుగారి స్వాస్థ్యము

1793లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమందు జన్మించిన జాన్ స్కడ్డరుగారు న్యూయార్కు నగరములో పేరొందిన వైద్యులు. ఒకనాడు రోగిని చూడబోయి, వేచియున్న గదిలో ఒక చిన్న పత్రికను చేత బట్టిరి. సువార్త వినని కోట్లాది ప్రజలను గూర్చిన పిలుపది. దానిని చదివి ఆయన కలవరపడిరి. భార్య హారియెట్‌గారు ఆయనతో ఏకీభవించిరి. న్యాయవాదియైన తండ్రికి మాత్రము ఈ నిర్ణయము రుచింపలేదు.

1819 జూన్ 8న ఆ దంపతులు పసిబిడ్డతో బోస్టనులో ఓడ యెక్కిరి. కలకత్తాకు చేరిన కొలది దినములకే ఆ బిడ్డ మరణించెను. కనాను దేశములో అబ్రాహామునకు మొదట దక్కిన సొంత భూమి శారా సమాధికొరకైన మక్పేలా పొలమే గదా! ఈ దంపతులకును క్రొత్త ఖండములో మొదట మిగిలినది సమాధియే.

అయినను వారు వెనుదిరుగలేదు. సింహళములోని యాఫ్నా ప్రాంతమందు, పండత్తరిప్పు గ్రామములో కాపురము పెట్టిరి. అరవము నేర్చి, రోగులను చూచుచు, బడులు నడుపుచు, పదునారేండ్లకు పైగా ఆ ప్రాంతమున సేవచేసిరి. 1836లో మద్రాసుకు వచ్చిరి.

మిషనెరీ చరిత్రలలో తండ్రుల ప్రయాణములను వివరముగా వ్రాయుదురు. తల్లుల వేదన ఒక్క వాక్యముతో ముగియును. విద్యకొరకు కుమారులను సముద్రముల ఆవలికి పంపవలసివచ్చెను. ఇచ్చట పుట్టి పెరిగిన ఆ బాలురకు అమెరికాయే పరదేశము! వారి జన్మదినములను హారియెట్‌గారు ఉపవాస ప్రార్థనలో గడుపుచుండిరి. 1849లో ఆమె మద్రాసులో ప్రభువునందు నిద్రించిరి. పెద్ద కుమారుడైన హెన్రీ తిరిగివచ్చుటను ఆమె చూడగలిగిరి.

1853లో ముగ్గురు కుమారులు ఆర్కాటు మిషనును స్థాపించిరి. మన మదనపల్లెయు తరువాత దాని సేవాక్షేత్రమాయెను. స్కడ్డరుగారు ఆరోగ్యము క్షీణించి దక్షిణాఫ్రికాకు వెళ్లి, 1855 జనవరిలో అచ్చటనే మరణించిరి. మొత్తము ఏడుగురు కుమారులు మిషనెరీలైరి. అందరి రాకను చూచు భాగ్యము ఆయనకు కలుగలేదు.

అయితే స్వాస్థ్యము రక్తముతోపాటు దానంతట అది రాదు. కడపటి కుమారుని కుమార్తె ఐడా, 1870లో రాణిపేటలో జన్మించి, బాల్యములో కరవును కన్నులార చూచి, ఈ జీవితము తనకు వద్దని నిశ్చయించుకొనెను. రోగియైన తల్లికి పరిచర్యచేయుటకు మాత్రమే 1890లో తిరిగివచ్చెను. ఒక రాత్రి ముగ్గురు పురుషులు, ఒకరి తరువాత ఒకరు, ప్రసవవేదనలోనున్న తమ భార్యలకొరకు వచ్చిరి. మగవైద్యుడు వారిని ముట్టరాదనిరి. ఐడాకు వైద్యము తెలియదు. తెల్లవారునప్పటికి ఆ ముగ్గురు స్త్రీలును మరణించిరి. ఆమె అమెరికాకు వెళ్లి వైద్యవిద్య ముగించి, 1900లో వేలూరు చేరెను. తండ్రి యింటిలోని ఒక చిన్న గదియే ఆమె మొదటి వైద్యశాల. అందున్నది ఒక్క మంచమే.